ఒక గాలి లైను, నాలుగు సిలిండర్లు: ఫిట్టింగులు ఎంచుకునేటప్పుడు

(వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

వారానికి దొరికే ఒక్క సెలవు రోజు వదులుకుని ఇంతమంది వచ్చారు. అందుకని ఎక్కువ సాగదీయను, పనికొచ్చే మాటలే చెబుతాను. కమిటీవాళ్లు నన్ను పిలిచినప్పుడు, "నువ్వు రోజూ చేసే పనిలోంచి ఒక్క విషయం తీసుకుని చెప్పు, మనవాళ్లకి ఉపయోగపడాలి" అన్నారు. నేను గాలి లైన్ల గురించి చెబుతానంటే ఒకాయన నవ్వాడు, "గాలి గురించి ఏం చెబుతావయ్యా" అని. గాలి కనపడదు, బరువుండదు, ఊరికే దొరుకుతుంది. అందుకే దాన్ని మనం లెక్కచెయ్యం. ఆ లెక్కచెయ్యకపోవడం వల్ల ఒక తమ్ముడి వేలు పోయింది. దాంట్లో నా తప్పు కూడా ఉంది. అదే చెప్పడానికి వచ్చాను.

ముందు ఒక మాట. సిలిండరు అనగానే మనకి గుర్తొచ్చేది వంటింట్లో గ్యాస్ బండ. నేను చెప్పేది అది కాదు. గాలి పంపితే లోపలున్న పిస్టను కదిలి ఒక రాడ్డును ముందుకు తోస్తుంది, వెనక్కి లాగుతుంది. ఆ సిలిండరు. కాంక్రీటు బ్యాచింగ్ ప్లాంటులో కంకర బిన్ల కింద గేట్లు తెరిచి మూసేది అదే. సిమెంటు సైలో కింద వాల్వు తిప్పేది అదే. ప్రీకాస్ట్ యార్డుల్లో అచ్చుల క్లాంపులు బిగించేది కూడా చాలాచోట్ల అదే. ఇక్కడ కూర్చున్నవాళ్లలో సగం మందైనా అలాంటి చోట పనిచేసినవాళ్లే అనుకుంటాను. కంప్రెసరు ఒకటే ఉంటుంది, దాన్నుంచి ఒకటే లైను వస్తుంది. సిలిండర్లు మాత్రం నాలుగు, ఆరు, ఎనిమిది. ఆ ఒక్క లైనును ఇన్నింటికి ఎలా పంచాలి, ఏ ఫిట్టింగు వాడాలి అన్నదే ఇవాళ్టి విషయం.

జరిగింది ఇదీ

సిడ్నీ పడమటి వైపు ఒక యార్డు. పేరు చెప్పను, అవసరం లేదు. బ్యాచింగ్ ప్లాంటులో నాలుగు బిన్లు. రెండింట్లో రెండు సైజుల కంకర, ఒకదాంట్లో ఇసుక, ఒకదాంట్లో సన్న రాతిపొడి. ఒక్కో బిన్ను కింద ఒక్కో గేటు, ఒక్కో గేటుకి 100 మిల్లీమీటర్ల బోరు సిలిండరు ఒకటి. నాలుగింటికీ ఒకే గాలి లైను. లైను మొదట్లో ఒక బాల్ వాల్వు, దానికి తాళం వేసే వీలుంది.

ఒకరోజు పొద్దున మూడు గేట్లు మూసుకున్నాయి, నాలుగోది మూసుకోలేదు. నోట్లో రాయి ఇరుక్కుంది. మన కుర్రాడే, కరీంనగర్ వైపు నుంచి వచ్చినవాడు, దాన్ని తియ్యడానికి వెళ్లాడు. పద్ధతి ప్రకారమే చేశాం. కరెంటు తీశాం. గాలి వాల్వు మూసి తాళం వేశాం, ట్యాగు కట్టాం. వాడు గేటు దగ్గర నిలబడి నన్ను అడిగాడు:

"అన్నా, గాలి మొత్తం పోయినట్టేనా?"

"తాళం వేశాం కదరా, కానియ్" అన్నాను.

వాడు కడ్డీతో రాయిని కదిపాడు. రాయి జారింది. గేటు ఒక్కసారిగా మూసుకుంది. చేతికి గ్లౌజు ఉంది, అయినా నడిమి వేలు మొదటి కణుపు దాకా పోయింది.

తర్వాత విప్పి చూస్తే విషయం తెలిసింది. ఆ బాల్ వాల్వు మామూలుది కాదు. మూస్తే అవతలి వైపు గాలిని బయటికి వదిలే రకం. దాని పక్కన చిన్న రంధ్రం ఉంటుంది, గాలి అందులోంచి పోవాలి. కానీ ఎప్పుడో, ఎవరో దాన్ని తిరగేసి బిగించారు. తిరగేస్తే ఏమవుతుంది? మూసినప్పుడల్లా కంప్రెసరు వైపు గాలి ఆ రంధ్రంలోంచి ఈల వేసుకుంటూ పోతుంటుంది. ఆ చప్పుడు విసుగనిపించి ఇంకెవరో ఆ రంధ్రంలో ఒక స్క్రూ బిగించేశారు. చప్పుడు ఆగింది. దాంతోపాటు గాలి బయటికి పోయే దారీ ఆగింది.

మేం వాల్వు మూసినప్పుడు కొత్త గాలి రావడం ఆగింది, నిజమే. కానీ వాల్వుకి ఇవతల పైపులో, మూసుకున్న మూడు సిలిండర్లలో ఉన్న గాలి అలాగే ఉంది. నాలుగు సిలిండర్లూ ఒకే మ్యానిఫోల్డు మీద ఉన్నాయి కాబట్టి, రాయి కదలగానే ఆ గాలంతా నాలుగో దానికి తోడయింది. ఒంటరి సిలిండరైతే ఇంత బలం మిగిలేది కాదేమో. ఒక లైను మీద ఎన్ని సిలిండర్లు కడితే అన్నీ ఒకదానికొకటి గాలి దాచిపెట్టే డబ్బాలే. ఈ మాట దయచేసి గుర్తుపెట్టుకోండి.

గాలి బలం ఎంత

100 మిల్లీమీటర్ల బోరు అంటే పిస్టను వైశాల్యం దాదాపు 78 చదరపు సెంటీమీటర్లు. 6 బార్ దగ్గర అది తోసే బలం దాదాపు 480 కిలోలు. అంటే ఐదు క్వింటాళ్ల దగ్గర. గేజి మీద ఒక్క బార్ మిగిలినా 80 కిలోలు, ఒక మనిషి బరువు. వేలు పోవడానికి అది చాలు. 50 మిల్లీమీటర్ల చిన్న సిలిండరు కూడా 6 బార్ దగ్గర 120 కిలోలు తోస్తుంది.

ఇక్కడ గేజిలు చాలావరకు కిలోపాస్కల్‌లో ఉంటాయి. 100 కిలోపాస్కల్ అంటే ఒక బార్. 600 అంటే 6 బార్, మనకి అలవాటైన లెక్కలో 87 పీఎస్‌ఐ. ముల్లు 50 మీద ఉంటే "ఆ, ఎంత, యాభయ్యే కదా" అనుకోకండి. అది అర బార్. 100 బోరు మీద 40 కిలోలు.

మొదటి సంగతి: మరలు

ఇక ఫిట్టింగుల్లోకి వస్తాను. ముందు థ్రెడ్డు. ఆస్ట్రేలియాలో గాలి పనికి ఎక్కువగా బీఎస్‌పీ థ్రెడ్డు వాడతారు. మన దేశంలో కూడా అదే. సికింద్రాబాద్ రాణీగంజ్‌లో, విజయవాడ ఆటోనగర్‌లో ఫిట్టింగులు కొన్నవాళ్లకి ఇక్కడి కొలతలు కొత్తగా అనిపించవు. కానీ గల్ఫ్‌లో ఆయిల్ సైట్లలో చేసి వచ్చిన అన్నలకి ఎన్‌పీటీ అలవాటై ఉంటుంది. అది అమెరికా పద్ధతి. అమెరికా నుంచి వచ్చిన మిషన్ల మీద, ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికే ఫిట్టింగుల్లో అది ఇక్కడికీ వస్తుంది. రెండూ ఒకే డబ్బాలో కలిసిపోతే కంటితో తేడా పట్టడం కష్టం.

పావు ఇంచి బీఎస్‌పీకి అంగుళానికి 19 చుట్లు, ఎన్‌పీటీకి 18. రెండు మూడు చుట్లు ఎక్కి బిగుసుకుపోతుంది, కాబట్టి దొరికిపోతుంది. అసలు ప్రమాదం అర ఇంచితో. అర ఇంచికి రెండింట్లోనూ అంగుళానికి 14 చుట్లే. ఎక్కుతుంది, బిగుసుకుంటుంది, బాగానే ఉందనిపిస్తుంది. కానీ మర కోణం ఒకదానికి 55 డిగ్రీలు, ఇంకోదానికి 60. మర మొత్తం ఒరుసుకోదు, అంచులే పట్టుకుంటాయి. టేపు ఎక్కువ చుట్టి లీకు ఆపుతాం. కొన్నాళ్లు అదురుడికి ఒకరోజు ఊడి వస్తుంది. 100 బోరు సిలిండర్లకి ఎక్కువగా వచ్చే పోర్టు అర ఇంచే, అది గమనించండి.

కాబట్టి అనుమానం ఉంటే థ్రెడ్డు గేజి పెట్టి చూడండి. జేబులో పట్టే వస్తువు. ఇంకోటి, స్కేలు పెట్టి కొలిచి పేరు చెప్పకండి. పావు ఇంచి బీఎస్‌పీ అన్న ఫిట్టింగు బయటి కొలత 13 మిల్లీమీటర్లు ఉంటుంది, అంటే స్కేలు మీద అర ఇంచి పైనే. అర ఇంచి అన్నది దాదాపు 21 ఉంటుంది. పాత రోజుల్లో పైపు లోపలి రంధ్రాన్ని బట్టి పెట్టిన పేర్లు ఇవి. కొత్తగా వచ్చిన కుర్రాళ్లు స్టోర్‌కి వెళ్లి తప్పు సైజు తెచ్చేది ఇక్కడే. వాళ్లని తిట్టకుండా ఒకసారి చూపించండి.

బీఎస్‌పీలోనే మళ్లీ రెండు రకాలు. ఒకటి కొన సన్నగా ఉండే టేపరు, ఒకటి తిన్నగా ఉండే ప్యారలల్. టేపరు దానికి టెఫ్లాన్ టేపు చుట్టాలి. తిన్నటి దానికి టేపు కాదు, కింద వాషరు గానీ ఓ రింగు గానీ ఉండాలి, అదే గాలిని ఆపుతుంది. సిలిండరు మూతలు చాలావరకు అల్యూమినియం. అందులో టేపరు ఫిట్టింగు పెట్టి పెద్ద స్పానరుతో బలంకొద్దీ తిప్పితే పోర్టు పగులుతుంది. ఒక్క ఫిట్టింగు కోసం సిలిండరు మూత మార్చాల్సి వస్తుంది. టేపు చుట్టేటప్పుడు మొదటి ఒకటి రెండు మరలు వదిలేసి చుట్టండి. లేకపోతే టేపు ముక్క తెగి లోపలికి పోయి వాల్వులో ఇరుక్కుంటుంది. అప్పుడు వాల్వు మూసుకుందనుకుంటాం, అది మూసుకోదు.

రెండో సంగతి: చివరి పొలానికి నీళ్లు

మనలో చాలామంది కాలువ కింద వ్యవసాయం చూసినవాళ్లే. కాలువ మొదట్లో ఉన్న పొలాలు నిండాక గానీ చివరి ఆయకట్టుకి నీళ్లు రావు. గాలి లైను కూడా అంతే. చాలామంది చేసే పని ఏమిటంటే, మొదటి సిలిండరు దగ్గర ఒక టీ పెట్టి, దాన్నుంచి రెండోదానికి, అక్కడ ఇంకో టీ పెట్టి మూడోదానికి, అలా లాక్కుంటూ పోతారు. పైపు ఆదా అవుతుంది. కానీ నాలుగోది మందంగా కదులుతుంది. అప్పుడు ఏం చేస్తారు? రెగ్యులేటరు తిప్పి ప్రెషరు పెంచుతారు. నాలుగోది కొంచెం బాగుపడుతుంది, మొదటిది మాత్రం సుత్తితో కొట్టినట్టు కొట్టుకుంటుంది.

లెక్క చూద్దాం. 100 బోరు, 250 మిల్లీమీటర్ల స్ట్రోకు ఉన్న సిలిండరు ఒకసారి చాచడానికి లోపల దాదాపు 2 లీటర్ల చోటు నింపాలి. 6 బార్ దగ్గర నింపాలంటే బయటి మామూలు గాలి 14 లీటర్ల దాకా కావాలి. నాలుగూ ఒకేసారి కదిలితే 55 లీటర్లు. అదీ ఒకటి రెండు సెకన్లలో. ఈ గాలి సన్న పైపులోంచి రాదు. 6 మిల్లీమీటర్ల ట్యూబు అంటే లోపలి రంధ్రం 4 మాత్రమే. 8 మిల్లీమీటర్ల రంధ్రం దానికి రెండింతలు కాదు, నాలుగింతలు. సైజు రెట్టింపు అయితే దారి నాలుగు రెట్లు అవుతుంది.

అందుకని అర ఇంచి పోర్టుకి బుష్ పెట్టి పావు ఇంచికి దించి, అందులో 6 మిల్లీమీటర్ల ట్యూబు గుచ్చకండి. 12 మిల్లీమీటర్ల ట్యూబు వాడండి, దాని లోపలి రంధ్రం 8 ఉంటుంది. ఇప్పుడు నాలుగు 8 మిల్లీమీటర్ల రంధ్రాలు కలిపితే ఒక 16 మిల్లీమీటర్ల రంధ్రంతో సమానం. అంటే మ్యానిఫోల్డుకి వచ్చే పెద్ద లైను కనీసం అంత ఉండాలి. ముప్పావు ఇంచి హోసు, అంటే 19 మిల్లీమీటర్లది, సరిపోతుంది. మ్యానిఫోల్డు నాలుగింటికీ నడుమన పెట్టండి, ట్యూబులు వీలైనంత సమానం పొడవులో కోయండి. సిలిండర్లకి దగ్గర్లో ఒక చిన్న గాలి ట్యాంకు ఉంటే ఇంకా మంచిది. ఒక్కసారిగా కావాల్సిన గాలి పక్కనే ఉంటుంది.

ఇంత చేసినా నాలుగూ ఒక్క క్షణంలో, ఒకే వేగంతో కదులుతాయని అనుకోవద్దు. గాలి నొక్కుకుపోయే గుణం ఉన్నది. ఏ సిలిండరు మీద బరువు తక్కువో అది ముందు కదులుతుంది. వేగం సరిచేయడానికి సిలిండరు పోర్టు దగ్గరే పెట్టే ఫ్లో కంట్రోల్ ఫిట్టింగు ఉంటుంది. అది బయటికి పోయే గాలిని అదుపు చేసే రకం అయితే కదలిక నిదానంగా, నున్నగా ఉంటుంది. లోపలికి వచ్చే గాలిని అదుపు చేసే రకం తెలియక పెడితే కుదుపులు వస్తాయి. రెండూ చూడ్డానికి ఒకలాగే ఉంటాయి. ఫిట్టింగు మీద చిన్న గుర్తు ఉంటుంది, అది చూసి కొనండి. ఒక స్లాబునో అచ్చునో రెండు సిలిండర్లతో సమానంగా లేపాలంటే ఫిట్టింగులతో అది కుదరదు. రెండింటినీ ఇనుప కడ్డీతో ఒకటిగా కలిపే ఏర్పాటు కావాలి. అది ఇంజనీరు పని, మన ఊహతో చేసేది కాదు.

మూడో సంగతి: గుచ్చే ఫిట్టింగులు, హోసులు

ట్యూబు గుచ్చితే పట్టుకునే ఫిట్టింగులు ఇప్పుడు అంతటా ఉన్నాయి. వీటిలో కూడా రెండు కొలతలు కలిసిపోతుంటాయి. మిల్లీమీటర్లవి 6, 8, 10, 12. అంగుళాలవి పావు ఇంచి అంటే 6.35, మూడు నూళ్లు అంటే దాదాపు 9.5. మూడు నూళ్ల ట్యూబు 10 మిల్లీమీటర్ల ఫిట్టింగులో సులువుగా దూరుతుంది, పట్టుకున్నట్టే ఉంటుంది, గాలి పెట్టగానే ఎగిరి వస్తుంది. ట్యూబు మీద కొలత అచ్చేసి ఉంటుంది, చదవండి. ట్యూబును కట్టరుతో తిన్నగా కోయండి, ప్లయర్‌తో నలిపి కోస్తే అంచు వంకర పోయి ఓ రింగును గీస్తుంది. లోపల తగిలే దాకా గుచ్చి, ఒకసారి వెనక్కి లాగి చూడండి.

ఇక్కడి ఎండ సంగతి మీకు చెప్పక్కర్లేదు. 2020 జనవరి 4న పెన్రిత్‌లో 48.9 డిగ్రీలు నమోదైంది. అది నీడలో కొలిచిన లెక్క. ఇనుప బిన్ను ఆనుకున్న నల్ల ట్యూబు ఇంకెంత కాగుతుందో ఊహించండి. పీయూ ట్యూబు వేడెక్కేకొద్దీ తట్టుకునే ప్రెషరు తగ్గుతుంది. డబ్బా మీద రాసిన ప్రెషరు మామూలు వేడి దగ్గరిది. అందుకని అంచు మీద నడిచే సైజు కొనకండి, ఎండ తగలని వైపు నుంచి లాగండి.

పీవీసీ నీళ్ల పైపు గాలికి వాడొద్దు. మన ఊళ్లల్లో కొన్ని షాపుల్లో వాడటం చూశాను. నీళ్ల పైపు పగిలితే నీళ్లు కారతాయి. గాలి పైపు పగిలితే ముక్కలు కత్తుల్లా ఎగురుతాయి. అమెరికా కార్మిక భద్రతా విభాగం 1988లోనే దీని మీద హెచ్చరిక ఇచ్చింది.

చేతి పరికరాలకి ఇక్కడ ఎక్కువగా కనిపించేది నిట్టో రకం కప్లింగు. ఆడ భాగం ఎప్పుడూ గాలి వచ్చే వైపు ఉండాలి, మగ భాగం పరికరం వైపు. ఊడదీస్తే ఆడ భాగం మూసుకుంటుంది, మగ వైపు మిగిలిన గాలి తెరిచిన నోటిలోంచి పోతుంది. ఇది మంచిదే. కొన్ని కప్లింగులు రెండు వైపులా మూసుకునే రకం ఉంటాయి. సిలిండరు లైనులో అలాంటిది పెడితే ఊడదీసిన తర్వాత కూడా సిలిండరు వైపు గాలి లోపలే ఉండిపోతుంది. ఊడదీశాం కదా అని చెయ్యి పెట్టేస్తాం.

జాక్‌హామర్ పెద్ద హోసులకి వేరే కప్లింగు, రెండు కొమ్ములు ఒకదాన్నొకటి పట్టుకునే క్లా రకం. దానికి లోపల రబ్బరు వాషరు, పైన సేఫ్టీ క్లిప్పు, హోసుకీ హోసుకీ నడుమ ఉక్కు తాడు. మూడూ ఉండాలి. ఉక్కు తాడు వేలాడకుండా బిగువుగా ఉండాలి, వేలాడుతుంటే హోసు ఊడి పాములా కొట్టుకోవడానికి జాగా ఇచ్చినట్టే. జూబ్లీ క్లిప్పుతో ఆ హోసును బిగించొద్దు, దానికి బోల్టులతో బిగించే క్లాంపులే వాడాలి.

నాలుగో సంగతి: బయటికి దారి

ఇంతవరకు గాలి లోపలికి పోయే దారి గురించి చెప్పాను. షాపులో అందరం అడిగేది ఇదే: "ఇది సరిపోతుందా? లీకవుతుందా?" నేను నేర్చుకున్నది వేరే ప్రశ్న. ప్రతి ఫిట్టింగు చేతిలోకి తీసుకున్నప్పుడు అడగండి: ఇది మూస్తే ఇవతలి గాలి ఎటు పోతుంది?

మామూలు బాల్ వాల్వు మూస్తే ఎటూ పోదు. కాబట్టి సిలిండర్లకి ముందు గాలి వదిలే రకం వాల్వే పెట్టాలి, తాళం వేసే వీలుండాలి, బాణం గుర్తు సిలిండర్ల వైపు చూపాలి. రంధ్రం చప్పుడు చేస్తుంటే దానికి సైలెన్సరు దొరుకుతుంది, అది పెట్టండి. స్క్రూ పెట్టకండి. మూసిన తర్వాత కూడా ఆగకుండా ఈల వేస్తుంటే వాల్వు తిరగబడి ఉందేమో చూడండి.

బరువు వేలాడే సిలిండర్లకి గాలి తగ్గినా జారిపోకుండా పోర్టు దగ్గర ఒక చెక్ వాల్వు పెడతారు. అది మంచి కోసమే. కానీ మెయిన్ లైను ఖాళీ అయినా ఆ సిలిండరులో గాలి అలాగే ఉంటుంది. దానికి విడిగా చేత్తో గాలి వదిలే ఏర్పాటు ఉండాలి. అది వదిలేముందు బరువుకి కింద దిమ్మ పెట్టాలి. లేకపోతే గాలితోపాటు బరువూ దిగుతుంది.

మ్యానిఫోల్డు మీదే ఒక గేజి పెట్టండి. కంప్రెసరు దగ్గర గేజి ఉంది కదా అంటారు. వాల్వు మూసిన తర్వాత అది వాల్వుకి అవతలి సంగతి చెబుతుంది, మన సంగతి చెప్పదు. ఆరోజు మా మ్యానిఫోల్డు మీద ఒక గేజి ఉండి ఉంటే ఆ కుర్రాడు నన్ను అడగాల్సిన పనే లేదు. ముల్లు వాడికి చెప్పేది. గేజి ఖరీదు ఒక పూట కూలి కూడా కాదు.

చెయ్యి పెట్టే ముందు చేయాల్సింది ఇదీ. కరెంటు తియ్యి. గాలి వాల్వు మూసి నీ సొంత తాళం వెయ్యి. గాలి బయటికి పోయిన చప్పుడు విను. గేజి సున్నా మీద ఉందో లేదో నీ కళ్లతో చూడు. తర్వాత వాల్వును చేత్తో నొక్కి సిలిండరు కదులుతుందేమో పరీక్షించు. అప్పటికీ గేటుకి అడ్డంగా కర్రో ఇనుప దిమ్మో పెట్టి గానీ వేళ్లు పెట్టకు. లీకులు వెతకడానికి చెయ్యి పెట్టి తడమొద్దు. పంక్చరు షాపులో ట్యూబును నీళ్లలో ముంచినట్టు, ఇక్కడ సబ్బు నీళ్లు రాస్తే బుడగలు వస్తాయి. పని అయ్యాక గాలి గొట్టంతో బట్టల మీద దుమ్ము ఊదుకోవద్దు, ముఖ్యంగా కాంక్రీటు, రాయి కోసిన దుమ్ము. సిలికా ఊపిరితిత్తుల్ని ఏం చేస్తుందో చూశాకే ఈ దేశం 2024 జూలై 1 నుంచి ఇంజనీర్డ్ స్టోన్ పలకల్ని నిషేధించింది.

అడగడం గురించి

చివరి మాట. ఆ కుర్రాడు అడిగాడు. అడిగినవాడిదే తప్పని ఎవరూ అనలేరు. జవాబు చెప్పినవాణ్ణి నేను. నా దగ్గర డిప్లొమా ఉంది, అనుభవం ఉంది, తొందర కూడా ఉంది. చూడకుండా చెప్పాను. ఇక్కడ సూపర్‌వైజర్లు, లీడింగ్ హ్యాండ్లు ఉంటే వాళ్లకి చెబుతున్నా: ఎవరైనా "గాలి పోయిందా" అంటే నోటితో జవాబు చెప్పకండి. తీసుకెళ్లి గేజి చూపించండి.

పనివాళ్లకి చెప్పేది ఇది. ఇంగ్లిషు సరిగ్గా రాకపోతే అడగడానికి మొహమాటపడతాం. రెండు మాటలు చాలు: "ఈజ్ ద ఎయిర్ డంప్డ్?" "షో మీ ద గేజ్." ఇవి అడిగితే ఇక్కడ ఎవరూ నవ్వరు. తెలియకుండా చెయ్యి పెడితేనే తప్పుపడతారు. గాలి పోలేదని అనుమానం ఉంటే పని ఆపే హక్కు మీకుంది. న్యూ సౌత్ వేల్స్‌లో 2011 నాటి పని భద్రతా చట్టంలో 84వ సెక్షన్ అదే చెబుతుంది: తక్షణం తీవ్రమైన ప్రమాదం ఉందని సహేతుకమైన భయం ఉంటే పని చెయ్యనని చెప్పొచ్చు. ఆపిన సంగతి వెంటనే పైవాళ్లకి చెప్పాలి, వేరే తగిన పని ఇస్తే చెయ్యడానికి అందుబాటులో ఉండాలి. చాలా రాష్ట్రాల్లో చట్టం ఇదే నమూనాలో ఉంది. విక్టోరియాలో మాత్రం వేరు, 2004 నాటి చట్టం. అక్కడ మీ సైట్లో భద్రతా ప్రతినిధి ఎవరో ముందే తెలుసుకోండి.

దెబ్బ తగిలితే దాచకండి. వేలు తెగడం లాంటిది జరిగితే కంపెనీ రాష్ట్ర భద్రతా అధికారులకి వెంటనే చెప్పాలి, వాళ్లు వచ్చేదాకా ఆ చోటును కదపకూడదు. వర్కర్స్ కంపెన్సేషన్ వీసాని బట్టి ఉండదు, పనివాడు అయితే చాలు. ఫోనులో తెలుగు దుబాసీ కావాలంటే ప్రభుత్వ అనువాద సేవ నంబరు 131 450. "తెలుగు" అని చెప్పండి.

ఆ తమ్ముడు మూడు నెలలు తేలికపాటి పని చేసి తర్వాత మళ్లీ ప్లాంటుకే వచ్చాడు. వచ్చిన మొదటిరోజు నాతో పెద్దగా మాట్లాడలేదు. మ్యానిఫోల్డు దగ్గరికి వెళ్లి కొత్తగా పెట్టిన గేజి చూశాడు. వాల్వు మూసి, ముల్లు సున్నాకి దిగేదాకా నిలబడ్డాడు. "ఇగ మంచిగుంది అన్నా" అన్నాడు. నాకు ఏం మాట్లాడాలో తెలియలేదు.

రేపు సోమవారం మీరు పనికి వెళ్లగానే ఒక్క పని చెయ్యండి. మీ లైను మీద గాలి వాల్వు ఎక్కడుందో చూడండి. దాని పక్కన రంధ్రం ఉందా, అందులో ఎవరైనా స్క్రూ పెట్టారా చూడండి. ఉంటే మీ సూపర్‌వైజరుకి చూపించండి. ఈ గదిలో ఒక్కరికి అలాంటి స్క్రూ కనపడినా ఈ ఆదివారం వృథా పోనట్టే.

అందరూ పదివేళ్లతో ఇంటికి వెళ్లాలని కోరుకుంటూ, సెలవు. నమస్కారం.